అడగని కిటికీ

సత్తుపల్లిలో బసవపున్నయ్య గారు తన రైస్ మిల్లు మేడమీద కంప్యూటర్ సెంటర్ తెరిచినప్పుడు, కింద నుంచి లేచే ఊకదుమ్ముకి ఆ పెట్టెలు నెల తిరక్కుండా మూలపడతాయని ఊరంతా తీర్పు చెప్పేసింది. అవి మూలపడలేదు. పడకుండా చూసింది హైమ. పొద్దున్నే పొడిగుడ్డతో తుడిచేది, సాయంత్రం దుప్పట్లు కప్పేది, మధ్యలో ఎవరైనా కీబోర్డు పక్కన టీగ్లాసు పెడితే మొహమాటం లేకుండా తీసి వాళ్ల చేతిలోనే పెట్టేది. హైమ పెనుబల్లి రైతు వెంకటనారాయణ కూతురు. విజయవాడలో కంప్యూటర్ కోర్సు చదివొచ్చింది. వాళ్ల నాన్న, బసవపున్నయ్య ఒకేసారి కృష్ణా జిల్లా నుంచి ఇటు వచ్చి భూములు కొనుక్కున్నవాళ్లు గనక ఆయన్ని బాబాయ్ గారూ అని పిలిచేది. ఆ చుట్టరికం పిలుపు వరకే. పని దగ్గర ఆయన ఎవరికీ బాబాయ్ కాడు.

ఇది తొంభై మూడు నాటి సంగతి. అప్పట్లో ప్రోగ్రాం రాయడమంటే ముందు కాగితం మీద రాయడమే. హైమ గళ్ల కాగితాల మీద పెన్సిలుతో రాసేది. వాటిని చూసి కంప్యూటర్లో కొట్టే పని జంపక్కది.

జంపక్కది దమ్మపేట అవతల అడవి అంచునున్న కోయగూడెం. వయసులో హైమకన్నా చిన్నదే, పేరులోనే అక్క ఉంది గనక సెంటరంతటికీ అక్కయింది. హాస్టల్లో ఉండి చదువుకుంటూ భారతమ్మ గారి టైపు ఇన్‌స్టిట్యూట్‌లో హయ్యర్ పాసైంది. గూడెంలో కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం దొరికిన మొదటి పిల్ల. ఆమె అన్న పగిడయ్య ఆమెను దింపడానికి వచ్చిన రోజున మెట్ల మీదే నిలబడిపోయి, "మా చెల్లె ఈడ నిలబడ్తే మా గూడెం పిల్లలింకా నలుగురొస్తరు. పంపిచ్చేసిండ్రంటే మాత్రం ఇగ ఎవలూ రారమ్మా" అని హైమతో చెప్పి వెళ్లాడు. ఆ మాట హైమ మనసులో ముల్లులా ఉండిపోయింది.

జంపక్క కొడుతుంటే రేకుల మీద వడగళ్లు పడ్డట్టే ఉండేది. కళ్లు కాగితం మీద, వేళ్లు మీటల మీద. తెర వంక మాత్రం చచ్చినా చూడదు. భారతమ్మ గారి దగ్గర నేర్చుకున్నవాళ్లెవరూ చూడరు. అక్కడ చేతుల మీద గుడ్డ కప్పి నేర్పిస్తారు, తల ఎత్తితే స్కేలు దెబ్బ పడుతుంది. అలా తయారైన వేళ్లవి.

అంతా బాగానే ఉండేది గానీ, కరెంటు. అది ఎప్పుడు వస్తుందో ఎప్పుడు పోతుందో చెప్పగలిగినవాడు ఖమ్మం జిల్లాలోనే లేడు. పోయిందంటే, అప్పటిదాకా కొట్టిందంతా సేవ్ చేయకపోతే గాల్లో కలిసినట్టే. బ్యాటరీ పెట్టించమంటే బసవపున్నయ్య పైకప్పు వంక చూసేవాడు. ఆయన పైకప్పు వంక చూశాడంటే ఆ మాట ముగిసిందని అర్థం.

అందుకని హైమ ఒక ఉపాయం ఆలోచించింది. ప్రోగ్రాంలు కొట్టుకునే ఎడిటర్ ఒకటి హైదరాబాద్ నుంచి ఫ్లాపీలో తెప్పించుకున్నారు. దానికి మనం రాసిన చిన్న ప్రోగ్రాంను తోకలా తగిలించుకోవచ్చు. ఈ రోజుల్లో ప్లగిన్ అంటున్నారే, అలాంటిదే. హైమ ఒక తోక రాసింది. కాసేపటికోసారి తెర నడిమధ్యన చిన్న కిటికీ తెరుచుకుని "సేవ్ చేయాలా" అని అడుగుతుంది. వై నొక్కితే సేవ్ అవుతుంది, ఎన్ నొక్కితే ఊరుకుంటుంది.

చెప్పినంత తేలిక కాదు లెండి. కిటికీ తెరిచే ముందు దాని కింద పడబోయే అక్షరాలన్నీ ఎత్తి పక్కన దాచాలి. మూసేటప్పుడు మళ్లీ ఎక్కడివక్కడ పెట్టాలి. హైమ మొదట ఆ సంగతి మరిచిపోయింది. గోడకు అంటించిన కాగితం పీకితే సున్నం ఊడొచ్చినట్టు కిటికీ మూసిన చోటల్లా నల్లటి బొక్క పడేది. దాన్ని సరిచేసేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి నీలం తెర మీద పసుపు కిటికీ, దాని చుట్టూ జంట గీతల అంచు, పైన శీర్షిక. అది తెరుచుకున్న ప్రతిసారీ హైమ కళ్లు మెరిసేవి. తను చేసింది పదిమంది చూడాలని ఎవరికుండదు?

బసవపున్నయ్యకు అది పిచ్చపిచ్చగా నచ్చింది. "అడిగి చేస్తోంది చూశావా, అదీ పద్ధతంటే" అన్నాడు. ఆయన మిల్లులో అడక్కుండా ఊకబస్తా కూడా గేటు దాటదు. వచ్చినవాళ్లందరికీ కాఫీ ఇప్పించి మరీ ఆ కిటికీ చూపించాడు. హైమ మీటలు నొక్కుతుంటే అది టక్కున తెరుచుకునేది, చూసినవాళ్లు ఓహో అనేవాళ్లు. సోమవారం పొద్దున దాన్ని జంపక్క కంప్యూటర్‌కు తగిలించారు.

మధ్యాహ్నం కరెంటు పోయింది. పోతే పోయింది, కిటికీ ఉందిగా అని హైమ ధీమాగా కూర్చుంది. కరెంటు వచ్చాక ఫైలు తెరిచి చూసింది. పొద్దుటి పనిలో దాదాపు ఏమీ లేదు. ఉన్న నాలుగు ముక్కల్లో కూడా పదాలకు తలలుంటే తోకల్లేవు, తోకలుంటే తలల్లేవు.

ఏం జరిగిందో తెలుసుకోవడానికి ఆమెకు ఎంతోసేపు పట్టలేదు. కిటికీ వచ్చి అడిగింది. జంపక్క చూడలేదు, కొడుతూనే ఉంది. కొట్టిన అక్షరాలు పేజీలోకి పోకుండా కిటికీ నోట్లో పడ్డాయి. వై గానీ ఎన్ గానీ తగిలేదాకా కిటికీ వాటిని మింగుతూ పోయింది. ప్రోగ్రాంలో ఉండే మాటలేమో ప్రింట్, నెక్స్ట్, రిటర్న్, ఎండ్. ఎన్ లేని మాట వెతుక్కోవాలి. మొదట్లో ఒక్కసారి తప్ప, వై తగిలేలోపే ఎన్ తగిలేది. వద్దన్నారు కాబోలని కిటికీ బుద్ధిగా సేవ్ చేయకుండా మూసుకునేది. పొద్దున్నుంచీ జరిగింది ఇదే.

బసవపున్నయ్య మేడెక్కి వచ్చాడు. తెర చూశాడు, కాగితం చూశాడు, జంపక్క వంక చూశాడు.

"ఎదురుగా కిటికీ వచ్చి నిలబడితే కనపడలేదా నీకు?" అన్నాడు.

"నేను కాయితం సూస్తన్న సారు" అంది జంపక్క, లేచి నిలబడి.

"తప్పు తనది కాదు బాబాయ్ గారూ. నా కిటికీది. టైపు చేసేవాళ్లు తెర చూడరని నాకు తట్టలేదు" అంది హైమ.

"నువ్వు వెనకేసుకురాకు. ఊళ్లోవాళ్లంతా చూసి మెచ్చుకున్నారు దాన్ని. అడివిలోంచి తెచ్చి కూర్చోబెడితే ఇంతేనని మా ఆవిడ ముందే అంది. గురువారం చెంచురామయ్య వస్తున్నాడు, ఏన్కూరు మిల్లు ఆయనదే, ఈ ప్రోగ్రాం చేయించుకుంటున్నదీ ఆయనే. ఆ రోజు ఈ పిల్ల కొట్టినదాంట్లో ఒక్క బొక్క కనపడినా మధిర నుంచి వేరే టైపిస్టుని పిలిపిస్తాను. మాట్లాడే ఉంచాను" అని దిగిపోయాడు.

హైమకు ఒళ్లు మండింది. తప్పు నాదని మొహం మీద చెప్పినా చెవిన పెట్టని మనిషిని ఏం చేయాలి? జంపక్క పొద్దున కొట్టిన కాగితాలు మళ్లీ మొదటి నుంచి పేర్చుకుంది.

"అక్కా, రేపటికెల్లి నేను తెర సూసుకుంట కొడత" అంది కాసేపటికి.

మంగళవారం అలాగే ప్రయత్నించింది. ఆ అవస్థ చూడలేకపోయింది హైమ. తెర వంక తల ఎత్తితే కాగితంలో వరస తప్పిపోయేది, వరస వెతుక్కుంటే వేళ్లు ఆగిపోయేవి, ఆగిన వేళ్లు మళ్లీ బయల్దేరితే పక్క మీట మీద పడేవి. వడగళ్లవాన కాస్తా చూరు నీళ్ల చుక్కలయిపోయింది. మధ్యాహ్నానికి పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నాకు రాని పని గాదక్కా ఇది. వచ్చిన పనే చేతులకెల్లి పోతాంది" అంది.

"నువ్వు తల దించుకునే కొట్టు. మారాల్సింది నువ్వు కాదు, అది" అంది హైమ. అని ఊరుకోలేదు. కిటికీ తీసేసి కూర్చుందామంటే కరెంటు కొంప ముంచుతుంది. ఉంచితే కిటికీయే ముంచుతోంది. కూతలాంటి శబ్దం పెట్టి చూసింది. కింద మిల్లు మోతలో ఆ కూత పెట్టెకు పక్కనున్న హైమకే వినపడలేదు. కిటికీ ఉన్నంతసేపూ మీటలు పనిచేయకుండా కట్టేసి చూసింది. జంపక్క వేళ్లు ఆగలేదు, అక్షరాలు మాత్రం పోయాయి. ఏం చేసినా ఆ పిల్ల తల ఎత్తదు. ఎత్తించే హక్కు తనకెక్కడిదని కూడా అనిపించింది హైమకు.

బుధవారం పొద్దున్నే సెంటర్‌కు పోకుండా బజార్లో భారతమ్మ గారి ఇన్‌స్టిట్యూట్ మెట్లెక్కింది. భారతమ్మ గారిది సన్నటి మనిషి, గట్టి గొంతు.

"చేరడానికొచ్చావా, చూడ్డానికొచ్చావా?" అంది ఆవిడ.

"కాసేపు కొట్టిచూస్తానండీ."

ఒక మిషన్ ముందు కూర్చోబెట్టి చేతుల మీద గుడ్డ కప్పారు. హైమ జీవితంలో ఎన్నడూ అన్ని తప్పులు చేయలేదు. రెండు వేళ్లతో చూసి కొట్టుకునే అలవాటు గదా, గుడ్డ కింద వేళ్లు దారి తప్పిన మేకలయ్యాయి. వీపు మీద స్కేలు ఆనింది కూడా. పంతానికి పోయి ఆపకుండా కొట్టింది. కొడుతూ కొడుతూ చుట్టూ ఉన్నవాళ్లను గమనించింది.

వరస చివరికొస్తే మిషన్ మీద గంట ణంగుమంటుంది. ఆ గదిలో ఎన్ని మిషన్లుంటే అన్ని గంటలు. అయినా ఎవరి గంటకు వాళ్ల ఎడమ చెయ్యే లేస్తుంది, కాగితాన్ని మోసే రథాన్ని అవతలికి తోస్తుంది, మళ్లీ మీటల మీదికి వస్తుంది. ఒక్క తలా లేవదు. ఆ తోపు దగ్గర మాత్రం ప్రతి ఒక్కరి చెయ్యీ రెప్పపాటు ఆగుతోంది.

"గంట మోగినా ఎవరూ చూడరేంటండీ?" అని అడిగింది హైమ.

"చూస్తే ఏముందమ్మా అక్కడ?" అంది భారతమ్మ, అదేం ప్రశ్న అన్నట్టు.

హైమ సగం పాఠంలో లేచి చెప్పులేసుకుంది. దారి పొడుగునా తనను తాను తిట్టుకుంటూ నడిచింది. ఇన్నాళ్లూ కిటికీని ఆ పిల్ల కళ్ల ముందు నిలబెట్టింది. ఆ కళ్లకు వేరే పనుంది. ఆగేది చెయ్యి. వరస అయిపోగానే ఎంటర్ నొక్కే చోట ఆగుతుంది. కిటికీ రావాలంటే ఆ సందులోనే రావాలి. వచ్చి అడగకూడదు. పని చేసుకుని పోవాలి.

పగలంతా కూర్చుని తోకను మళ్లీ రాసింది. కిటికీ తెర నడిమధ్య నుంచి కింది మూలకు జరిగింది. ఎంటర్ పడేదాకా కాచుకుని, పడగానే తెరుచుకుని, సేవ్ చేసి మూసుకుంటుంది. ఫ్లాపీ గరగరమని తిరిగేలోపు జంపక్క కొట్టే అక్షరాలు ఎక్కడికీ పోకూడదు. రేషన్ షాపు ముందు సంచులు వరసలో పెట్టి నీడకు పోయి నిలబడతారే, అలా వాటిని వచ్చిన వరసలోనే పక్కన నిలబెట్టి, కిటికీ మూశాక ఒక్కొక్కటే పేజీలోకి వదలాలి. వై, ఎన్ రెండూ పోయాయి. జంట గీతల అంచు కూడా పోయింది, దాన్ని గీసేందుకు పట్టే సమయం దండగ. ఆ అంచు తీసేసేటప్పుడు హైమకు నిజంగానే బాధేసింది. ఎంత ముచ్చటపడి గీసుకుంది దాన్ని.

సాయంత్రం జంపక్కను కూర్చోబెట్టి చూస్తే ఇంకో తప్పు బయటపడింది. కిటికీ మూసుకుంది, కింద అక్షరాలు ఎక్కడివక్కడ వచ్చాయి, మింగుడు లేదు. కానీ ఆ తర్వాత కొట్టిన వరస పేజీ మూలన ఎక్కడో పడింది. కింద దాచిన అక్షరాలను వెనక్కి పెట్టింది గానీ, కర్సర్‌ను దాని చోట పెట్టడం మరిచిపోయింది హైమ. అది కిటికీ దగ్గరే ఉండిపోయింది.

"రేపటి దాకా ఎందుకక్కా, ఇప్పుడే పోత నేను. నీకు మాట రాకుండ" అంది జంపక్క.

"కూర్చో" అంది హైమ. "నువ్వు పోతే వచ్చే మధిర పిల్ల కూడా తల ఎత్తదు. ఆ పిల్లనీ పంపించేస్తారు. నేను మాత్రం ఎవరినీ పోనివ్వను, ముందు నిన్ను." మిల్లు మూసేలోపు ఆ తప్పు కూడా సరిచేసి, ఫ్లాపీ తీసి చేతిసంచిలో పెట్టుకుంది.

గురువారం చెంచురామయ్య వచ్చాడు. తెల్ల పంచె, చంకలో సంచి, ఏ విషయానికైనా ముందు నమ్మని మొహం. బసవపున్నయ్య ఆయన్ని జంపక్క వెనక కుర్చీలో కూర్చోబెట్టాడు.

"చూస్తూ ఉండు బావా, తెర మీద కిటికీ దానంతటదే తెరుచుకుంటుంది. మా హైమ చేసింది" అన్నాడు.

జంపక్క తల దించుకుని కొట్టడం మొదలుపెట్టింది. చెంచురామయ్య చూస్తూనే ఉన్నాడు. టీ వచ్చింది, తాగడం కూడా అయిపోయింది.

"ఏదీ నీ కిటికీ?" అన్నాడు.

"వచ్చి పోతోందండీ. కింద మూలన, రెప్పపాటు" అంది హైమ.

చెంచురామయ్య కళ్లు చికిలించాడు. "నాకేం కనపళ్లేదు."

బసవపున్నయ్య మొహం మాడిపోయింది. హైమను పక్కకు పిలిచాడు గానీ గొంతు తగ్గించలేదు. "నడిమధ్యన పసుప్పచ్చగా వచ్చేది, అదేమైంది?"

"తీసేశాను."

"ఎవర్నడిగి తీసేశావు? పాతది పెట్టు. మనిషిని పనిగట్టుకు పిలిచింది అది చూపించడానికే."

"పెట్టను బాబాయ్ గారూ."

బసవపున్నయ్యకు ఎవరూ అలా చెప్పి ఎరగరు. "ఏంటీ?" అన్నాడు.

"అది చూసేవాళ్ల కోసం చేశాను. కొట్టేవాళ్లకి అది చేటు. అది పెడితే జంపక్క పోతుంది. పాతది కావాలంటే నన్ను కూడా పంపించేయండి, మీ ఇష్టం" అంది హైమ. సంచి అందుకోవడానికి బల్ల మీద చెయ్యి కూడా వేసింది.

ఆ క్షణాన కరెంటు పోయింది. పైన ఫ్యాను నిదానించింది, కింద మిల్లు బెల్టు గొణుగుతూ ఆగింది, తెర నల్లబడింది. గదిలో ఒక్క జంపక్క వేళ్ల చప్పుడే మిగిలింది. తెర చూడని పిల్లకు తెర పోయిన సంగతి ఎలా తెలుస్తుంది? ఇంకో రెండు మాటలు కొట్టి, ఫ్యాను గాలి రావట్లేదని గమనించి అప్పుడు ఆగింది.

చెంచురామయ్య నిట్టూర్చాడు. "అయితే పోయినట్టేగా ఇదంతా?"

అందరూ కూర్చుని చెమటలు తుడుచుకున్నారు. జంపక్క కాగితం మీద వేలు ఆనించి అలాగే ఉంది. ఆ వేలి వంక చూస్తూ హైమ కూర్చుంది. ఎంటర్, సేవ్, వరస, కర్సర్ అని మనసులో ఒక్కోటీ తడిమి చూసుకుంది. ఏది మరిచిపోయినా ఆ పిల్ల సాయంత్రం దమ్మపేట బస్సెక్కుతుంది, ఆ వెనక ఎవరూ ఈ మెట్లెక్కరు.

కరెంటు వచ్చేసరికి ఎండ గది కిటికీలోంచి బల్ల మీదికి ఎక్కింది. పెట్టె మేలుకుంది. హైమ ఫైలు తెరిచింది.

"ఆ కాగితం ఇటివ్వు" అన్నాడు చెంచురామయ్య. ఆయన ఇంగ్లీషు అంతంత మాత్రమే, కానీ వడ్లు తూయించుకునే మనిషి, పోల్చి చూడడంలో ఆయన్ని మించినవాడు లేడు. కాగితం మీద ఒక వేలు, తెర మీద ఒక వేలు పెట్టి వరస వెంట వరస దిగాడు. ఎక్కడా ఆగలేదు. ఒక్క అక్షరం పోలేదు. అట్టడుగున ఒక వరస దగ్గర మాత్రం వేలు నిలిచింది.

"ఈ వరస లేదు."

"అది ఎంటర్ కొట్టకముందే పోయింది సారు. గీడికెల్లి మళ్ల కొడ్తె సాలు" అంది జంపక్క. కరెంటు పోయినప్పుడు ఆమె వేలు ఆనించింది కూడా సరిగ్గా ఆ వరస మీదే.

చెంచురామయ్య కుర్చీలో వెనక్కి వాలాడు. "బావా, నీ కిటికీ నాకొద్దు గానీ, ఈ పిల్లనే కొట్టమను మా ప్రోగ్రాం మొత్తం" అన్నాడు.

బసవపున్నయ్య కాసేపు పైకప్పు వంక చూశాడు. తర్వాత హైమ వంక తిరిగి, "మధిర వాళ్లకి నేనే కబురు చేస్తాలే, రావద్దని" అన్నాడు. క్షమించమని అనడం ఆయనకు చేతకాదు. చేతనైంది అదే. జంపక్క కళ్లు దించుకుంది, పెదవులు బిగబట్టుకుంది, అయినా నీటిచుక్క కాగితం మీద పడనే పడింది. చప్పున తుడుచుకుంది, పెన్సిలు గీతలు చెరిగిపోతాయని.

వాళ్లు దిగిపోయాక జంపక్క మిగిలిన వరస కొట్టి, ఎంటర్ నొక్కి, మొదటిసారిగా చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"అక్కా, ఇప్పుడు నీ కిటికీ వచ్చిందా?"

"వచ్చింది, పోయింది."

"అందరు సూసిండ్రంట. నా కోసమే చేస్తివి, నేనే సూడలే. ఎట్లుంటది?"

హైమ కుర్చీ దగ్గరకు లాక్కుంది. తోకలో ఒక చోట మార్చి, తెరుచుకున్న కిటికీ మూసుకోకుండా ఆపింది. నీలం తెర కింది మూలన చిన్న పసుపు ముక్క. అంచు లేదు, శీర్షిక లేదు, "సేవ్ అయింది" అన్న రెండు మాటలు తప్ప ఏమీ లేదు. ఊరంతటికీ కాఫీ ఇచ్చి చూపించినప్పుడు కూడా హైమ గుండె ఇంతగా కొట్టుకోలేదు.

జంపక్క తల ఎత్తి తెర వంక చూసింది. చాలాసేపు చూసింది.

"మంచిగుందక్కా" అంది. అని తల దించుకుని, తర్వాతి కాగితం ముందుకు లాక్కుంది.